కొబ్బరిబోండాల సీమలో బీపీ మందు ట్రయల్: కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎలా సిద్ధపడాలి

కాకినాడలోనో రాజమండ్రిలోనో కిడ్నీ డాక్టరు గారు మీ రిపోర్టులు తిరగేసి, "నాలుగు రకాల మాత్రలు వాడుతున్నా బీపీ 160 నుంచి దిగట్లేదండీ. కొత్త మందు మీద ఒక ట్రయల్ జరుగుతోంది, ఇంట్లో ఆలోచించుకుని చెప్పండి" అన్నారనుకోండి. ఇంటికొచ్చేసరికి తలో మాట. "మనమేమైనా ఎలుకలమా?" అంటారు బావగారు. "మందులు ఊరికే ఇస్తారటగా, చేరిపోరాదూ" అంటారు పక్కింటి పిన్నిగారు. ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టండి. చేరాలో వద్దో తేల్చుకోవడానికి ఏం చూసుకోవాలో, చేరితే ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను: పేరుకు ఇది బీపీ మందు పరీక్షే గానీ, మన డెల్టాలో ఉండేవాళ్లు ఎక్కువగా కాపలా కాయాల్సింది పొటాషియం మీద.

మొదట మీ నంబర్లు రాసుకోండి

ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసిపెట్టుకోండి: ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె), రక్తంలో పొటాషియం, మూత్రంలో పోయే ఆల్బుమిన్ అనే ప్రోటీను, వారం రోజుల పాటు ఇంట్లో చూసుకున్న బీపీ. మన వాళ్లంతా క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో ఎంతుందో చూస్తారు) ఒక్కటే గుర్తు పెట్టుకుంటారు. "నాకు రెండుందండీ" అంటే సరిపోదు. అదే 2.0 నలభై ఏళ్ల మగమనిషికైతే ఈజీఎఫ్ఆర్ సుమారు 42 అవుతుంది, డెబ్బై ఏళ్ల ఆవిడకైతే 26 దగ్గరకు దిగిపోతుంది. ఒకరు మూడో దశ, ఒకరు నాలుగో దశ. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. 30 నుంచి 59 వరకు మూడో దశ, 15 నుంచి 29 వరకు నాలుగు, అంతకు దిగువ అయిదు. ఏ ట్రయల్‌కైనా ఈ లెక్కల్లో ఒక హద్దు ఉంటుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లను ఇలాంటివాటిలో సాధారణంగా తీసుకోరు.

పొటాషియం అంకె అన్నింటికంటే కీలకం. మామూలుగా 3.5 నుంచి 5.0 మధ్య ఉండాలి. మొదట్లోనే 5 దాటి ఉంటే చాలా ట్రయల్స్ మిమ్మల్ని గుమ్మంలోనే ఆపేస్తాయి. అది మీ మంచికే. బతిమాలుకోకండి.

ఏ రకం మందో అడగండి

"కొత్త మందు" అన్న మాట ఒక్కటే విని ఊరుకోకండి. కొత్తది అంటే కొత్త రసాయనం కావచ్చు, పాత మందును కొత్త రోగుల మీద చూడటమూ కావచ్చు. క్లోర్‌థాలిడోన్ అనే నీటి మాత్ర (ఉప్పూ నీరూ మూత్రంలో పోయేలా చేసేది) 1960 నుంచీ మార్కెట్లో ఉంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నాక ఈ జాతి మందులు పనిచేయవని డాక్టర్లు చాలాకాలం నమ్మారు. అమెరికాలో క్లిక్ అనే ట్రయల్‌లో నాలుగో దశలో ఉన్న 160 మందితో పరీక్షించి చూశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. పన్నెండు వారాల్లో, ఇరవై నాలుగు గంటల పాటు చూసిన బీపీలో పై అంకె సగటున 11 పాయింట్లు దిగింది, మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు అర పాయింటే. అదే సమయంలో క్రియాటినిన్ పెరగడం, షుగరు పెరగడం, తల తిరగడం కూడా ఈ మందు వేసుకున్నవాళ్లలో ఎక్కువ కనిపించాయి. రూపాయల్లో దొరికే పాత మాత్ర గురించి ఇంత విలువైన సంగతి తేలడానికి ఎవరో 160 మంది ఒప్పుకోవాల్సి వచ్చింది.

దీనికి ఎదురుగా ఇంకో కథ. ఒసెడ్యురినోన్ అనే మందు రెండో దశ ట్రయల్‌లో (ఇది జబ్బు దశ కాదు, పెద్ద ట్రయల్‌కు ముందు చేసే చిన్న ట్రయల్) 162 మంది మీద బాగా పనిచేసినట్టు కనిపించింది. 2021లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 2023లో ఒక పెద్ద కంపెనీ దాన్ని కొనుక్కుంది. తీరా పెద్ద ట్రయల్ మధ్యలో లెక్క చూసుకుంటే బీపీ తగ్గించడంలో ప్రయోజనం తేలలేదు, 2024లో ఆపేశారు. కాబట్టి "చిన్న ట్రయల్‌లో అద్భుతంగా వచ్చిందట" అన్న మాటకు పొంగిపోనక్కర్లేదు. పనిచేస్తుందని ముందే ఖాయంగా తెలిస్తే ట్రయలే అవసరం లేదు.

ఇప్పుడు కిడ్నీ రోగుల మీద చూస్తున్నవాటిలో చాలా మందులు ఆల్డోస్టెరాన్ అనే హార్మోను చుట్టూ తిరిగేవే. ఉప్పును ఒంట్లో పట్టి ఉంచేది ఈ హార్మోను. స్పైరనోలాక్టోన్, ఫినెరెనోన్ లాంటివి అది పనిచేసే చోట అడ్డుపడతాయి. బాక్స్‌డ్రోస్టాట్, లోరండ్రోస్టాట్ లాంటివి అసలది తయారవకుండానే ఆపుతాయి. దారి ఏదైనా ఒంట్లో ఉప్పు బయటికి పోతుంది, పొటాషియం లోపల నిలిచిపోతుంది. కిడ్నీ బాగున్నవాళ్లు తట్టుకుంటారు. మీకు కష్టం. వేరే జాతులూ ఉన్నాయి. అప్రోసిటెంటాన్‌కు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది, దానితో ఒళ్లు నీరు పట్టడం చూసుకోవాలి. జిలెబెసిరాన్ అనేది నెలల తరబడి పనిచేసే ఇంజెక్షన్. అలాంటిదైతే నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: బీపీ మరీ పడిపోతే, ఒంట్లోకి వెళ్లిపోయిన మందును ఎలా సంభాళిస్తారు?

సంతకానికి ముందు

మన దేశంలో ఈ వ్యవహారమంతా 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల కింద నడుస్తుంది. ప్రతి ట్రయల్‌నూ మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ జాబితాలో నమోదు చేయాలి. 2009 జూన్ 15 నుంచి ఇది తప్పనిసరి. ఆ నంబరు అడగండి. సీటీఆర్‌ఐ, తర్వాత సంవత్సరం, నెల, ఒక సంఖ్య, ఇలా ఉంటుంది. ఇంట్లో చదువుకుంటున్న పిల్లల చేత ఫోన్‌లో వెతికించండి, ఎవరు డబ్బు పెడుతున్నారో, ఏ ఆసుపత్రుల్లో జరుగుతోందో, ఎంతమంది కావాలో అన్నీ కనిపిస్తాయి. నంబరు చెప్పలేనివాడి దగ్గర కూర్చోనక్కర్లేదు. మందుకో, ట్రయల్ కోసం చేసే రక్తపరీక్షకో మీ దగ్గరే డబ్బు అడిగినా లేచి వచ్చేయండి. "కిడ్నీకి ఆకుపసరు, మూడు నెలల కోర్సు, ఇరవై వేలు" అన్నది ట్రయల్ కాదు, వ్యాపారం.

సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వమనండి. ఇస్తారు, ఇవ్వాలి. ఆ తెలుగు ఒక్కోసారి ఇంగ్లిషు కంటే కష్టంగా ఉంటుంది, అది వేరే సంగతి. అర్థం కాని వాక్యం కింద గీత గీసి, ఆసుపత్రిలో ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్‌ను అడగండి. అక్కడికక్కడే సంతకం పెట్టకండి, ఇంటికి తీసుకెళ్లి రెండు రోజులు ఉంచుకోండి. చదువు రానివాళ్లైతే మొదటి నుంచి చివరిదాకా పక్కన ఒక నిష్పాక్షిక సాక్షి ఉండాలి, ఆ సాక్షి కూడా సంతకం చేయాలి. సంతకాలయ్యాక ఒక ప్రతి మీ చేతికి రావాలి. అందులో నామినీ పేరు, మీ ఏడాది ఆదాయం అడుగుతారు. చూడగానే గుండె జల్లుమంటుంది గానీ, అనుకోనిది జరిగితే పరిహారం ఎవరికివ్వాలి, ఎంతివ్వాలి అన్నదానికే ఆ వివరాలు. ఖాళీగా వదలకండి.

ఈ ప్రశ్నలు మాత్రం నోటితో అడిగి, జవాబులు కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు వాడుతున్న మాత్రల్లో ఏవి ఆపుతారు, ఎన్నాళ్లు? ఉత్తుత్తి మాత్ర వచ్చే అవకాశం ఎంత? బీపీ ఏ అంకె దాటితే మధ్యలో వేరే మందు కలుపుతారు? రక్తం ఎన్ని రోజులకోసారి తీస్తారు, మొదటి నెలలో ఎన్నిసార్లు? రాత్రి పన్నెండింటికి ఎవరు ఫోన్ ఎత్తుతారు? ట్రయల్ అయ్యాక మందు పనిచేస్తే నాకు దొరుకుతుందా? ప్రయాణ ఖర్చులు ఇస్తారా?

ఉత్తుత్తి మాత్ర అంటే చాలామందికి కోపం వస్తుంది, "మోసం కదా" అని. పత్రంలో ముందే చెప్పి ఇస్తున్నారు కాబట్టి మోసం కాదు. మీకు ఏది పడిందో మీకూ తెలియదు, డాక్టరు గారికీ తెలియదు. తెలిస్తే బీపీ చూసే చెయ్యి కూడా తెలియకుండా పక్షపాతం చూపిస్తుంది. నేనైతే ఇంకో విషయానికి జంకుతాను: పాత మాత్రలు ఆపడం. క్లోనిడిన్ వాడుతున్నవాళ్లు దాన్ని ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగదన్నుతుంది. మెల్లగా తగ్గిస్తారా అని అడిగి తీరాలి.

మాత్రల సంచి మొత్తం బల్ల మీద పెట్టండి

మొదటి విజిట్‌కు ఇంట్లో ఉన్న మందులన్నీ పట్టుకెళ్లండి. అన్నీ అంటే అన్నీ: ఊళ్లో ఆర్‌ఎంపీ గారిచ్చిన ఒళ్లునొప్పుల బిళ్లలు, మోకాళ్లకు ఎవరో పంపిన చూర్ణం, గ్యాస్ మాత్రలు, మెడికల్ షాపువాడు చీటీ లేకుండా ఇచ్చిన ఎర్ర క్యాప్సూలు. నాట్లప్పుడు, కోతలప్పుడు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ మన పల్లెల్లో పప్పుబెల్లాల్లా నడుస్తాయి. ఇవి బీపీని పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి, పొటాషియాన్నీ ఎక్కిస్తాయి. ట్రయల్ మధ్యలో నాలుగు రోజులు వేసుకుంటే కొత్త మందు పనిచేయలేదని లెక్కలో పడుతుంది, లేదా మీ క్రియాటినిన్ పెరిగిన పాపం కొత్త మందు నెత్తిన పడుతుంది. నొప్పికి ఏం వేసుకోవచ్చో మొదటిరోజే అడిగి రాయించుకోండి. వేసుకున్నది దాచకండి. "వేసుకున్నానండీ" అంటే ఎవరూ తిట్టరు, కోఆర్డినేటర్ ఒక ఫారంలో రాసుకుంటారు, అంతే.

పొటాషియం: మన కొబ్బరి, మన అరటి

కోనసీమలో ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లకంటే ముందు బోండాం కొట్టి ఇస్తారు. రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర ఉన్నవాళ్లకు పండు ఒక తిండి కిందే లెక్క కాదు. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. గ్లాసు కొబ్బరినీళ్లలో 400 నుంచి 600 దాకా. పెద్ద బోండాంలో గ్లాసు కంటే ఎక్కువే ఉంటాయి. ఎండాకాలంలో రోజుకు రెండు బోండాలు తాగే అలవాటుకు ఆల్డోస్టెరాన్ మందు తోడైతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పొటాషియం పెరిగితే నొప్పి రాదు, జ్వరం రాదు. కాళ్లు సత్తువ తప్పినట్టు ఉండొచ్చు, గుండె లయ తప్పొచ్చు, ఏమీ తెలియకనూ పోవచ్చు. అందుకే రక్తపరీక్ష తేదీ ఒక్కటి కూడా తప్పకూడదు.

తిండి పూర్తిగా మార్చేయమని కాదు. ట్రయల్ మొదలైన రోజున హఠాత్తుగా అన్నీ మానేసి, నెల తర్వాత సంక్రాంతికి అన్నీ మొదలుపెడితే అంకెలు ఎగిరి పడతాయి. ఏం తినాలో ఆసుపత్రి డైటీషియన్‌తో ఒకసారి తేల్చుకుని, చివరిదాకా అదే పద్ధతిలో ఉండండి. కంద బచ్చలి తినాలనిపిస్తే కందను ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండితే కొంత పొటాషియం పోతుంది. ఉప్పు సంగతి మీకు తెలిసిందే: ఆవకాయ, మాగాయ, ఎండుచేపలు, అప్పడాలు, ఊరమిరపకాయలు. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అది అన్నింటిలో కలిపి, కూరలో వేసేది ఒక్కటే కాదు. ఇక్కడో వల ఉంది. "బీపీ వాళ్లకు మంచిది" అని దుకాణాల్లో అమ్మే తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు పొటాషియం క్లోరైడు కలుపుతారు. మామూలు బీపీ మనిషికి మేలే. మీకు మాత్రం పనికిరాదు. పొట్లం వెనక చదవండి.

రక్తం ఇచ్చేటప్పుడు పిడికిలి బిగించి తెరిచి బిగించి చేయకండి. పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచినా, పిడికిలి ఆడించినా, శాంపిల్ ఎండలో ఊగుతూ దూరప్రయాణం చేసి రక్తకణాలు చితికినా పొటాషియం ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది. అమలాపురంలో తీసి ఎక్కడో మహానగరంలోని ల్యాబుకు పంపే శాంపిల్‌కు ఈ బెడద ఉంటుంది. 5.8 వచ్చిందని ఫోనొస్తే కంగారుపడకండి, అలాగని "ల్యాబు తప్పులే" అని ఊరుకోకండి. అదేరోజు దగ్గర్లో మళ్లీ పరీక్ష, ఈసీజీ చేయించమని అడగండి. చాలా ట్రయల్స్‌లో 5.5 దాటితే మోతాదు తగ్గిస్తారు లేదా ఆపుతారు. 6 దాటితే ఆసుపత్రికే.

బీపీ చూపించుకునే రోజు

బస్సు దిగి, మెట్లెక్కి, ఆయాసంతో కుర్చీలో కూలబడగానే చూసిన బీపీ లెక్కలోకి రాదు. అరగంట ముందునుంచి కాఫీ, చుట్ట, సిగరెట్టు వద్దు. ఒకసారి మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనించి, పాదాలు నేలమీద ఆన్చి, చెయ్యి గుండె ఎత్తున బల్లమీద పెట్టి అయిదు నిమిషాలు మాటామంతీ లేకుండా కూర్చోవాలి. సాధారణంగా నిమిషం ఎడంతో మూడుసార్లు చూస్తారు. ఎప్పుడూ ఒకే చేతికి. ముందుముందు డయాలసిస్ కోసమని ఫిస్టులా (రక్తనాళాలు కలిపే ఆపరేషన్) పెట్టించుకున్న చెయ్యి ఉంటే ఆ చేతికి పట్టీ కట్టనివ్వకండి, రక్తమూ తీయనివ్వకండి. కొత్త నర్సుకు తెలియకపోవచ్చు, మీరే చెప్పాలి. నిలబెట్టి కూడా ఒకసారి చూడమనండి, ముఖ్యంగా షుగరున్న పెద్దవాళ్లకు. కూర్చుంటే 150, లేస్తే 110 అయ్యేవాళ్లు ఉంటారు, వాళ్లకు కొత్త మందంటే బాత్రూంలో పడిపోయే ప్రమాదమన్నమాట.

ఆ ఉదయం మాత్ర వేసుకుని రావాలా, వచ్చాక వేసుకోవాలా అన్నది ముందే అడగండి. చాలా ట్రయల్స్‌లో బీపీ చూసి, రక్తం తీశాకే వేసుకోమంటారు. మందు ప్రభావం రోజు చివరిదాకా నిలిచిందో లేదో వాళ్లకు తెలియాలి.

ఇరవై నాలుగు గంటల బీపీ మిషన్ కడితే ఆ రోజు బైకు ఎక్కకండి, గట్టు మీద పార పట్టకండి. పగలు సుమారు ఇరవై, ముప్పై నిమిషాలకోసారి పట్టీ బిగుస్తుంది. బిగిసినప్పుడు చెయ్యి వేలాడేసి కదలకుండా ఉండండి. రాత్రి నిద్ర చెడుతుంది, భరించాలి. కిడ్నీ జబ్బులో రాత్రి దిగాల్సిన బీపీ దిగకపోవడం చాలామందిలో ఉంటుంది. అది ఆ మిషను తప్ప ఇంకెవరూ పట్టుకోలేరు.

వరద, ఎండ, వాంతులు

విజిట్‌లకు కొద్ది రోజుల వెసులుబాటే ఉంటుంది. లంకల్లో ఉండేవాళ్లు చేరేటప్పుడే ఈ సంగతి చెప్పాలి: జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే 10 లక్షల క్యూసెక్కులు, వచ్చేసరికి కనకాయలంక లాంటి కాజ్‌వేలు మునిగిపోయి పడవే గతి. హైదరాబాదులో కూర్చుని తేదీలు వేసేవాళ్లకు ఇది తెలియదు. ఆ నెలల్లో మాత్రలు కొన్ని రోజులకు ఎక్కువ ఇవ్వగలరా, గోదావరి పెరుగుతోందని తెలియగానే ముందే వచ్చి రక్తం ఇచ్చిపోవచ్చా, రాలేకపోతే మందు కొనసాగించాలా ఆపాలా అని రాయించుకోండి. పొటాషియం చూడకుండా వారాల తరబడి మాత్ర మింగడం కంటే, వాళ్లతో మాట్లాడి ఆపడమే నయం. సార్వా నాట్లు, దాళ్వా కోతలు, పెళ్లిళ్లు ఎప్పుడో కూడా కోఆర్డినేటర్‌కు చెప్పండి. తేదీలు కొంత సర్దుతారు.

రోహిణి కార్తెలో చెమటకు ఒళ్లు ఎండిపోయినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా బీపీ పడిపోతుంది, కిడ్నీ మీద దెబ్బ పడుతుంది. అప్పుడు కొత్త మందూ, టెల్మిసార్టన్ లాంటి పాతవీ, నీటి మాత్రలూ ఏం చేయాలో అదే పూట ఫోన్ చేసి అడగండి. కొబ్బరినీళ్లు, ఓఆర్‌ఎస్ సొంతంగా మొదలెట్టకండి, రెండింట్లోనూ పొటాషియం ఉంది. కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ, కాళ్లు లాగేసినట్టు సత్తువ పోవడం, మూత్రం బాగా తగ్గడం, మొహం వాచడం, ఊపిరి అందకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. దగ్గరున్న ఆసుపత్రికి వెళ్లి, ట్రయల్ వాళ్లిచ్చిన కార్డు చూపించండి. ఆ కార్డు ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. తీవ్రమైన హాని ఏది జరిగినా ట్రయల్ డాక్టరు 24 గంటల్లో పైవాళ్లకు తెలియజేయాలి. ట్రయల్ వల్ల దెబ్బ తగిలితే వైద్యం ఉచితం, పరిహారమూ ఉంటుంది. బిల్లులు పారేయకండి.

మొదటి నెలలో క్రియాటినిన్ కొంచెం పెరిగితే వెంటనే మానేయకండి. బీపీ తగ్గించే కొన్ని మందులు కిడ్నీలోని ఒత్తిడిని దించుతాయి, అందువల్ల ఆ అంకె కాస్త ఎగబాకి నిలబడుతుంది. ఇప్పుడు వాడే సార్టన్ జాతి మందులకు 30 శాతం దాకా పెరుగుదలను డాక్టర్లు ఓర్చుకుంటారు. అంతకు మించితే, లేదా పెరుగుతూనే పోతే, వాళ్లే ఆపుతారు.

బయటికి రావాలనిపిస్తే

ఎప్పుడైనా రావచ్చు, కారణం చెప్పక్కర్లేదు. దానివల్ల ఆ ఆసుపత్రిలో మీ మామూలు వైద్యం ఆగకూడదు. కాకపోతే మాత్రలు కాలవలో పారేసి ఫోన్ ఎత్తడం మానేయకండి. చివరి రక్తపరీక్షకు వెళ్లండి, మిగిలిన మాత్రలు సీసాతో సహా వెనక్కివ్వండి, పాత మందులు ఏ మోతాదులో మళ్లీ మొదలుపెట్టాలో కాగితం మీద తీసుకోండి. ట్రయల్ మొత్తం ముగిసి, ఎవరికి ఏ మాత్ర పడిందో చీటీలు విప్పాక మీకు పడింది అసలు మందో ఉత్తుత్తిదో చెప్పమని అడగండి. కొన్నిసార్లు ఏడాది పైనే పడుతుంది, అందుకని ఫోన్ నంబరు మారితే వాళ్లకు చెప్పి ఉంచండి.